హిల్కా ముంజేతి కొలత

యంత్రం నలభై ఎనిమిది చూపించింది. తెల్లెర్వో నమ్మలేదు. గొట్టం మూతి గుడ్డతో తుడిచి మళ్ళీ హిల్కా ఎడమ ముంజేతి మీద ఆనించింది. మోచేతి మడత నుంచి ఎనిమిది సెంటీమీటర్లు కిందికి, చిన్న పుట్టుమచ్చకి ఒక వేలెడు ఇవతల, ఎప్పుడూ కొలిచే చోటే. గొట్టం చర్మాన్ని లోపలికి పీల్చింది, మూడు సెకన్లు పట్టి ఉంచింది, వదిలింది. పైకి లేచిన చర్మంలో నూటికి ఎన్ని పాళ్ళు వెంటనే వెనక్కి వాలిందో తెరమీద అంకె పడింది. నలభై ఎనిమిది. మూడోసారి తీస్తే నలభై ఏడు.

తెల్లెర్వోకి చిర్రెత్తుకొచ్చింది. యంత్రాన్ని తిట్టడానికి లేదు, పొద్దున్నే సరిచూసింది. గదిని తిట్టడానికి లేదు, వేడి ఇరవై ఒక్క డిగ్రీల దగ్గర కట్టేసినట్టుంది. హిల్కాని తిట్టడానికి అసలే లేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషి కాఫీ కూడా తాగకుండా ఇరవై నిమిషాలు చెయ్యి బల్లమీద పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఈసల్మి లాంటి చలి ఊళ్ళో ఒక మనిషిని కాఫీ లేకుండా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టడం అంటే సామాన్యమైన సంగతి కాదు.

"ఎంతొచ్చింది అమ్మాయ్?" అంది హిల్కా.

అంకె చెప్పడం ఆనవాయితీ. మొదటిసారి ఎవరో అడిగారు, తెల్లెర్వో చెప్పింది, అప్పటినుంచి అందరూ అడుగుతారు. చెప్పకపోతే అదేదో దాస్తున్నట్టు చూస్తారు.

"నలభై ఎనిమిది."

హిల్కా స్వెట్టరు చెయ్యి కిందికి లాక్కుంది. "కిందటిసారి అరవై తొమ్మిది," అంది. ఐదేళ్ళ కిందటి అంకె నిన్నటిదాన్లా గుర్తుంది ఆవిడకి. "యంత్రం మారిందా?"

"లేదు."

"అలాగా," అని లేచింది. వసారాలో కాఫీ పోసి పెట్టి ఉంది, యాలకుల బన్ను ఉంది. అది కూడా ముట్టుకోకుండా కోటు వేసుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

తెల్లెర్వో వయసు అరవై మూడు. ఊళ్ళోని చిన్న చర్మ పరిశోధనశాలలో కొలతలు తీసే మనిషి. ఇరవై ఏళ్ళ కిందట పదిహేడుమంది ఆడవాళ్ళతో ఈ పని మొదలైంది. అప్పుడు వాళ్ళందరికీ అరవై నాలుగు, అరవై అయిదు. ఐదేళ్ళకొకసారి, ఫిబ్రవరి గురువారాల్లో, అవే చేతులు, అదే చోటు, అదే యంత్రం, కొలిచేది అదే మనిషి. పదిహేడుమందిలో ఇప్పుడు తొమ్మండుగురు మిగిలారు. వాళ్ళ మొహాలు బజారులో కనిపిస్తే ఒక్కోసారి పేరు తట్టదు గానీ, స్వెట్టరు చెయ్యి పైకి తీస్తే చాలు ఎవరో తెల్లెర్వో చెప్పేస్తుంది.

ఆ చేతులు ఈసల్మికి పేరు తెచ్చాయి. మిగతా ఊళ్ళలో, మిగతా దేశాల్లో ఎవరు కొలిచినా వయసుతో పాటు ఆ అంకె జారుతూనే పోతుంది. ఇక్కడ మాత్రం అరవై అయిదేళ్ళ వయసు దగ్గర జారడం ఆగింది. డెబ్బయ్ ఒకటి, డెబ్బయ్, డెబ్బయ్, అరవై తొమ్మిది. గీత గీస్తే కిందికి దిగుతూ వచ్చి అక్కడ చదునుగా నిలబడుతుంది. దానికి ఈసల్మి మెట్టు అని పేరు పెట్టారు. ఎక్కడెక్కడి పెద్ద సభల్లోనో ఆ గీతను తెరమీద వేసి చూపించారు. వసారాలో అద్దం కట్టించి గోడకి తగిలించిన ఆ వ్యాసం కాగితం మీద రచయితల పేర్లలో నాలుగోది తెల్లెర్వోది. ఆమెకి పెళ్ళి కాలేదు, ఇల్లు కట్టలేదు, పియానో నేర్చుకుందామనుకుని నేర్చుకోలేదు. ఆ మెట్టు ఆమెది. మార్చి ఆఖరికి ఉద్యోగం అయిపోతుంది, అయిదో విడత కొలతలతో మెట్టు చర్మశాస్త్రం పుస్తకంలోకి ఎక్కుతుంది, హాయిగా ఇంటికి పోవచ్చు అనుకుంది.

ఇప్పుడు చూడండి. హిల్కాది నలభై ఎనిమిది. తరవాత వచ్చినావిడది యాభై ఒకటి. ఆ తరవాతది నలభై ఆరు. తొమ్మిది చేతులూ అయ్యేసరికి మెట్టు లేదు, కూలిన గోడలా ఉంది గీత.

పరిశోధనశాలకి పెద్ద వెసా, వయసు నలభై ఒక్కేళ్ళు. చదువుకునే రోజుల్లో ఇక్కడికే వచ్చాడు. గొట్టం ఎంత నెమ్మదిగా ఆనించాలో తెల్లెర్వోయే చెయ్యి పట్టుకుని నేర్పింది. ఆ నేర్పిన పాపానికి ఇప్పుడు అతని గదిలో నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

"తప్పుగా అనుకోకండి తెల్లెర్వో," అన్నాడు వెసా, కాగితాలు సర్దుతూ. "ఈమధ్య మీ చెయ్యి కొంచెం గట్టిగా ఒత్తుతోందేమో."

"నా చెయ్యా?"

"ఒత్తితే అంకె పడిపోతుంది కదా. మీరే నేర్పారు."

"నేర్పినదాన్ని నేను మర్చిపోయానంటావు."

"మర్చిపోవడం కాదు. వయసొచ్చాక చెయ్యి తనకి తెలీకుండానే..." మిగతాది మింగేశాడు.

చర్మానికి వయసొస్తే ఏమవుతుందో ఇరవై ఏళ్ళు కొలిచిన మనిషికి, వయసొస్తే చెయ్యి ఏమవుతుందో ఈ కుర్రాడు చెప్తున్నాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. సరే చూద్దాం రమ్మని బల్ల దగ్గరికి లాక్కెళ్ళింది. యంత్రం సరిచూసుకోవడానికి వాడే రబ్బరు ముక్క మీద ఆమె ముప్ఫైసార్లు తీసింది, అతను ముప్ఫైసార్లు తీశాడు. రెండు వరసలూ ఒకదాని పక్కన ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేదు. ఇంకా చెప్పాలంటే ఆమెదే నిలకడగా ఉంది.

"రబ్బరు వేరు, చర్మం వేరు," అన్నాడు వెసా.

"అయితే ఏ రుజువు కావాలి నీకు?"

"రుజువు కాదు నాకు కావలసింది. దారి. వచ్చే గురువారం సాయంత్రానికి పుస్తకం వేసేవాళ్ళకి నేను కాగితం పంపాలి. అయిదో విడత, కొలిచిన చెయ్యి కారణంగా, పక్కన పెడుతున్నాం అని ఒక్క మాట రాస్తే మొదటి నాలుగు విడతలూ పుస్తకంలోకి వెళ్తాయి. మెట్టు నిలబడుతుంది. మీ పేరూ ఉంటుంది."

"చెయ్యి వణికే ముసలిదని కూడా ఉంటుంది."

వెసా కిటికీలోంచి మంచు చూశాడు.

తరవాతి రెండు రోజులూ తెల్లెర్వో చెయ్యని పని లేదు. గొట్టం మార్చింది. గాలిలో తేమ కొలిచే డబ్బాని ఇంకో డబ్బాతో పోల్చింది. యంత్రం చేసినవాళ్ళకి ఫోను చేసి అరగంట సంగీతం విన్న తరవాత, మీ యంత్రం చాలా పాతదండీ, కొత్తది కొనుక్కోండి అన్న సలహా సంపాదించింది. ఏ తప్పూ దొరకలేదు. తప్పు దొరకకపోవడం కంటే చిరాకైన సంగతి కొలతలు తీసేవాళ్ళకి ఇంకోటి లేదు. చివరికి ఆదివారం మధ్యాహ్నం ప్రశ్నల కాగితం సంచీలో పెట్టుకుని హిల్కా ఇంటికి బయలుదేరింది. మందులు మారాయా, బరువు తగ్గారా, జబ్బేమైనా చేసిందా, ఒక్కొక్కటే అడిగి రాసుకోవాలని.

హిల్కా ఉండేది పెద్దవాళ్ళకి కట్టిన అయిదంతస్తుల ఇంట్లో, రెండో అంతస్తు. తలుపు తీసేసరికి బల్లనిండా కప్పులు బోర్లించి ఉన్నాయి. ప్రతి కప్పు అడుగునా చిన్న కాగితం అంటించి పేరు రాస్తోంది.

"ఏంటివి?"

"నీలం పువ్వులవి మేనకోడలికి. మిగతావి ఎవరు తీసుకుంటే వాళ్ళవి," అంది హిల్కా, జిగురు సీసా మూత బిగిస్తూ. "పదిహేనేళ్ళలో రెండు పడింది, అయిదేళ్ళలో ఇరవై ఒకటి పడింది. నాకూ లెక్కలొచ్చు."

తెల్లెర్వో ఆ అంకె గీతలో ఎక్కడ పడుతుందా అని చూసిందే గానీ, ఈవిడ మీద ఎక్కడ పడిందో ఆలోచించలేదు. "ఇది చావుకి సంబంధించిన అంకె కాదు హిల్కా," అంది.

"మరి దేనికి సంబంధించింది?"

తెల్లెర్వో ప్రశ్నల కాగితం బయటికి తీసింది. "మందులేమైనా మారాయా?"

"మారినవి మారాయి. మారనివి అలాగే ఉన్నాయి."

ఇక్కడివాళ్ళతో ఇదే తంటా. ఔననరు, కాదనరు. వింటున్నవాళ్ళే ఏదో ఒకటి తేల్చుకోవాలి. తెల్లెర్వో కూడా ఇక్కడ పుట్టిందే కాబట్టి ఓపిక పట్టింది.

"తిండిలో తేడా ఏమైనా?"

"చేపల రొట్టె కొరకలేకపోతున్నాను. నా పళ్ళ కథ నీకెందుకులే."

"ఈ ఏడు ఇంకేమైనా వేరేగా చేశారా? కొత్త సబ్బు, కొత్త క్రీము?"

"క్రీమా? సైమిని అంతలా కసిరాక మాకెవరికైనా క్రీము పట్టుకునే ధైర్యం ఉంటుందా?"

అది నిజమే. ఈ విడత మొదటి గురువారం అందరికంటే ముందు వచ్చిన సైమి చేతికి మల్లెల వాసన క్రీము రాసుకొచ్చింది. ఇదే నా ఆఖరి విడత, దీన్నైనా సరిగ్గా చెయ్యనివ్వరా అని తెల్లెర్వో వసారాలో నిలబడి కేకలేసింది. ముందురోజు రాత్రినుంచి ఆ చేతికి క్రీము కాదు కదా నీటిచుక్క తగిలినా బస్సెక్కించి వెనక్కి పంపేస్తానంది. ఈసల్మిలో వసారాల్లో ఎవరూ కేకలెయ్యరు. పొద్దుగూకేలోపల తొమ్మిది ఇళ్ళకీ కబురు చేరింది.

"ఆ తరవాత నువ్వు చెప్పినట్టే చేశాం అందరం," అంది హిల్కా. "గురువారం మా వంతు కూడా వదులుకున్నాం, నీ మొహం చూసి."

"ఏం వంతు?"

"సౌనా వంతు. కింద ఆవిరిస్నానాల గదిలో ఆడవాళ్ళకి గురువారం పొద్దున ఏడు నుంచి ఎనిమిది. మూడేళ్ళు కాచుకుంటే దొరికింది నాకది. వదిలేస్తే పై అంతస్తావిడ ఎగరేసుకుపోతుందని ఎంత భయపడ్డానో నీకేం తెలుసు."

తెల్లెర్వో కలం ఆగింది. "కిందటిసారి?" అంది మెల్లగా. "అయిదేళ్ళ కిందట నా దగ్గరికొచ్చిన రోజు పొద్దున?"

"వెళ్ళాను."

"అంతకు ముందు?"

"అప్పుడు మా సొంతింట్లో ఉండేదాన్ని. తెల్లారుజామున లేచి పొయ్యి రాజేసేదాన్ని, ఎనిమిదింటికి ఆవిరి బాగా పట్టేది. ఆవిరిలో ఒంటికి తట్టుకునే బర్చి కొమ్మలు వేసవిలోనే కోసి ఎండబెట్టి ఉంచేదాన్ని." హిల్కా ఆమెకేసి వింతగా చూసింది. "స్నానం చెయ్యకుండా ఎలా వస్తాం తెల్లెర్వో? కొలిచే మనిషికి మాసిన చెయ్యి చూపిస్తామా?"

"కాగితం మీద ఉంది కదా హిల్కా. ఇరవైనాలుగు గంటలు సౌనా కూడదు, నీళ్ళు తగలకూడదు అని. ప్రతిసారీ సంతకం పెట్టారు కదా మీరంతా."

"అది ఊరికే అలా రాస్తారనుకున్నాం," అంది హిల్కా. "తుమ్మొచ్చినా డాక్టరుకి ఫోను చెయ్యండి అని రాస్తారు చూడు, అలాగ."

"అందరూనా?"

"సైమి వెళ్ళకపోతే వింత. మిగతావాళ్ళ సంగతి నేను చెప్పకూడదు." చెప్పకూడదు అంటే చెప్పేసినట్టే.

తెల్లెర్వో కాఫీ తాగింది. బన్ను తింది. కప్పుల అడుగున కాగితాలు పీకెయ్యమంది. గురువారం పొద్దున మీ వంతుకి మామూలుగా వెళ్ళండి, ఆవిరి బాగా పట్టించండి, అక్కణ్ణుంచి తిన్నగా నా దగ్గరికి రండి అని చెప్పింది. మెట్లు దిగుతుంటే లెక్కంతా తేలింది. నీళ్ళు పీల్చుకుని ఉబ్బిన చర్మం పీల్చి వదిలితే చటుక్కున వెనక్కి పోతుంది. ఈ పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే సంగతి అది. ఇరవై ఏళ్ళపాటు తను కొలిచింది ఈసల్మి ఆడవాళ్ళ వయసుని కాదు, ఈసల్మి ఆడవాళ్ళ శుభ్రాన్ని.

గురువారం హిల్కా వచ్చింది. ఎర్రగా, మెత్తగా, కట్టెల పొగ వాసన వేస్తూ వచ్చింది. ఇరవై నిమిషాలు కూర్చుంది. అదే చెయ్యి, అదే గొట్టం, పుట్టుమచ్చకి ఒక వేలెడు ఇవతల. వెసాని పిలిచి పక్కన నిలబెట్టి మరీ ఆనించింది తెల్లెర్వో. అంకె తక్కువ రావాలని మనసులో మొక్కుకుంది. నలభై ఎనిమిదే రానీ, ఆవిరికి సంబంధం లేదనీ నా చెయ్యే పాడైపోయిందనీ తేలనీ, కనీసం మెట్టైనా మిగులుతుంది అనుకుంది. అలా అనుకుంటానని నాలుగు రోజుల కిందట ఎవరైనా చెప్తే వాళ్ళని కొట్టేది.

అరవై తొమ్మిది వచ్చింది.

"చూశావా," అంది హిల్కా. మొహం వెలిగిపోయింది. వెసా చెప్పకపోయినా లేచి వసారాలోకి వెళ్ళి, కాఫీ పోసుకుని, బస్సు వేళకోసం అక్కడ కూర్చున్న డ్రైవరుకి అరవై తొమ్మిదీ అని చెప్పడం లోపలికి వినిపించింది.

వెసా తలుపు మూశాడు. ఆదివారం సంగతంతా తెల్లెర్వో చెప్పింది.

"ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదా మీరు?" అన్నాడు వెసా.

"సంతకం చూసేదాన్ని."

"జుట్టు తడిగా ఉండేది కాదా?"

"ఫిబ్రవరి కదా. టోపీ తీస్తే అందరి జుట్టూ తడిగానే ఉండేది. మంచు కరిగిందనుకున్నాను."

"మరి మీరైతే?" అన్నాడు వెసా. వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "మిమ్మల్ని ఎవరైనా డాక్టరు రమ్మంటే, సౌనా కూడదని కాగితం మీద రాసుంటే?"

తెల్లెర్వో అబద్ధం చెప్దామనుకుంది. కిందటి శరదృతువులో మోకాలు చూపించుకోవడానికి వెళ్ళినరోజు గుర్తొచ్చింది. ముందురోజు కాదు, ఆ పొద్దునే సౌనాకి వెళ్ళింది. కొత్త లోదుస్తులు కూడా వేసుకుంది. "వెళ్తాను," అంది.

అంతే. తెలియకపోతే వేరు. ఈ ఊరికి ఎవరో బయటినుంచి వచ్చి, ఈ అలవాట్లేవీ ఎరగకుండా కొలిచి ఉంటే వేరు. తను పుట్టినప్పటినుంచి తెలిసినదాన్ని, తను స్వయంగా చేసేదాన్ని, ఉద్యోగంలో కూర్చోగానే లోకంలో లేనట్టు మర్చిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

వెసా కాగితం ఆమె ముందుకి జరిపాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "వినండి. ఇప్పుడు ఇది మనిద్దరికే తెలుసు. కొలిచిన చెయ్యి కారణంగా అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. మార్చి ఆఖరికి మీరు వెళ్ళిపోతారు. మెట్టు ఉంటుంది."

"లేని మెట్టు."

"ఇరవై ఏళ్ళు తెల్లెర్వో. మీ ఇరవై ఏళ్ళు. నావి పదిహేను."

"నాకు తెలుసు ఎన్నో."

"నలుగురు మన గీత మీద తమ పని కట్టుకున్నారు. వాళ్ళ మొహం ఎలా చూస్తాను?"

ఆమెకి అతని మీద జాలి కలిగింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది. "ఆ చెయ్యి నీకు పని నేర్పింది," అంది. "దాని మీద మాత్రం వెయ్యకు." కాగితం తన వైపు తిప్పుకుని, కొలిచినవారి వివరణ అన్న చోట రాయడం మొదలుపెట్టింది. అయిదో విడత సరైనది. మొదటి నాలుగు విడతల్లో కొలతకి ముందు అందరూ ఆవిరిస్నానం చేసి వచ్చారు. వద్దని రాసిన కాగితం ఇచ్చాను, నోటితో అడగలేదు. ఆ నాలుగూ పనికిరావు. రాసి సంతకం పెట్టింది. తేదీ వేసింది. వెసా ఆ కాగితాన్ని తీసుకోవడానికి చెయ్యి చాపలేదు, ఆపడానికీ చాపలేదు.

వసారాలో హిల్కా రెండో కప్పు కాఫీలో ఉంది. బస్సుకి ఇంకా పది నిమిషాలుంది. తెల్లెర్వో వచ్చి పక్కన కూర్చుంది. ఎదురుగా గోడమీద అద్దం కట్టిన కాగితం ఉంది, దానికేసి చూడలేదు.

"అరవై తొమ్మిదే రాసుకున్నావా?" అంది హిల్కా.

చెప్పక తప్పదు. ఇక ఈవిడకైనా నోటితో చెప్పాలి. "లేదు హిల్కా. నలభై ఎనిమిదే నిజం. ఇది ఆవిరి చూపించిన అంకె. కానీ నలభై ఎనిమిదంటే భయపడాల్సింది ఏమీ లేదు, మీ వయసుకి అందరికీ అంతే ఉంటుంది."

హిల్కా కప్పు కింద పెట్టింది. కాసేపు లెక్క వేసుకుంది. "అయితే నాకు పడిపోలేదన్నమాట. ఒక్కసారిగా."

"లేదు. మెల్లమెల్లగానే తగ్గి ఉంటుంది."

"అదే కదా నాక్కావలసింది." ఆవిడ కుదుటపడి బన్ను తుంచింది. "మరి కిందటిసారి అసలు ఎంతుండేది?"

"తెలీదు."

"అంతకుముందు? అరవై నాలుగేళ్ళప్పుడు, మొదటిసారి వచ్చినప్పుడు?"

"అదీ తెలీదు."

"ఇరవై ఏళ్ళనుంచీ కొలుస్తూనే ఉన్నావు కదే అమ్మాయ్," అంది హిల్కా, ఏ దురుద్దేశమూ లేకుండా.

"కొలిచాను," అంది తెల్లెర్వో.